మ్యూజియం హాల్లో బొమ్మలు పెట్టేవాళ్ళకి ఒక ఫ్రేముల షాపావిడ చెప్పే మాటలు

పోయిన మాఘమాసంలో ఒక కుర్రాడు ట్రాలీ ఆటోలో అరవై రెండు బొమ్మలు వేసుకుని మా షాపుకొచ్చాడు. జిల్లా మ్యూజియం వాళ్ళు ఐదు రోజులకి హాలు ఇచ్చారట. "అన్నిటికీ ఫ్రేములు కట్టాలక్కా, పన్నెండు రోజుల్లో" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. నేను అడిగిన మొదటి మాట "హాలు కొలిచావా బాబూ?" అని. కొలవలేదు. ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఫొటోలో హాలు ఎప్పుడూ పెద్దగానే ఉంటుంది, పెళ్ళిళ్ళ పేరయ్య తెచ్చిన ఫొటోలో పిల్లాడు పొడుగ్గా ఉన్నట్టు.

మాది రాజమండ్రి. షాపు నాన్న పెట్టింది. దేవుడి పటాలు, పోయినవాళ్ళ ఫొటోలు, డిగ్రీ సర్టిఫికెట్లు, మాకు అన్నం పెట్టేవి ఇవే. కాని నాన్నకి బొమ్మల పిచ్చి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు దామెర్ల రామారావు బొమ్మలు చూపించడానికి తీసుకెళ్ళాడు. రామారావు మా ఊరివాడే, 1897లో పుట్టాడు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర చెయ్యిపట్టి ప్రోత్సహిస్తే బొంబాయి వెళ్ళి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకొచ్చాడు. 1925లో మశూచి తీసుకుపోయింది, ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. "సిద్ధార్థ రాగోదయం" అనే బొమ్మ ముందు నాన్న నన్ను ఎత్తుకున్నాడు. కాసేపటికి చెయ్యి నొప్పి పుట్టి దించేశాడు. ఎత్తుకున్నప్పుడు ఒక బొమ్మ కనిపించింది, కిందికి దించాక ఇంకో బొమ్మ. రెండూ ఒకటే బొమ్మ. ఇవాళ ఏ హాల్లో మేకు కొట్టబోయినా నాకు అదే గుర్తొస్తుంది. మేకు బొమ్మ కోసం కొట్టేది కాదండీ, చూసేవాళ్ళ కంటి కోసం కొట్టేది.

ఈ పాతికేళ్ళలో మ్యూజియం హాళ్ళలో, కాలేజీల్లో, ఒకసారి కల్యాణమండపంలో కూడా బొమ్మలు తగిలించాను. మొదటిసారి ప్రదర్శన పెట్టుకునేవాళ్ళు, తాతగారి బొమ్మలు అటకమీద నుంచి దించి ఊరికి చూపిద్దామనుకునేవాళ్ళు, స్కూల్లో డ్రాయింగ్ చెప్పే మాస్టార్లు, వీళ్ళ కోసం రాస్తున్నాను. పెద్ద ఊళ్ళలో పెద్ద గ్యాలరీలకి వాళ్ళ మనుషులు వాళ్ళకుంటారు.

ముందు టేపు, తర్వాతే బొమ్మలు

హాలుకి వెళ్ళేటప్పుడు టేపు, గళ్ళ కాగితం, పెన్సిలు తీసుకెళ్ళండి. ఒక గడి ఒక అడుగు అనుకుని నాలుగు గోడలూ గీయండి. తలుపులు, కిటికీలు, స్విచ్ బోర్డులు, ఏసీ, మంటలార్పే సిలిండరు, అన్నీ వాటి వాటి చోట వెయ్యండి. మ్యూజియంలో ఇంకో చిక్కుంటుంది. హాల్లో ఒక మూల రాతి నందో, వీరుడి గుర్తుగా నిలిపిన వీరగల్లు రాయో ఉంటుంది. దాన్ని జరపమని అడక్కండి, జరపరు, జరపకూడదు కూడా. దాని ముందు మనుషులు నిలబడే చోటు వదిలేసి మిగిలిందే మీ గోడ.

ఆ కుర్రాడు మర్నాడు కొలిచి తెచ్చాడు. పనికొచ్చే గోడలు మూడు: పద్దెనిమిది అడుగులవి రెండు, ఇరవై నాలుగు అడుగులది ఒకటి. మొత్తం అరవై అడుగులు, అంటే 720 అంగుళాలు. ఫ్రేము కట్టాక వాడి బొమ్మలు సగటున 20 అంగుళాల వెడల్పు. బొమ్మకీ బొమ్మకీ మధ్య జాగా, మూలల్లో వదిలేది కలుపుకుంటే ఒక్కోదానికి నలభై అంగుళాలు వేసుకోవాలి. 720ని నలభైతో భాగిస్తే పద్దెనిమిది. "పద్దెనిమిదేనా?" అన్నాడు. "పద్దెనిమిదే" అన్నాను. "మిగతా నలభై నాలుగు?" ఏం చెప్పను? రెండు వరసలు కడదామన్నాడు. పైవరస చూడ్డానికి మెడ ఎత్తాలి, కిందివరస చూడ్డానికి నడుం వంచాలి. సంక్రాంతి బొమ్మల కొలువైతే మెట్లమీద కిక్కిరిస్తేనే అందం. గోడమీద కాదు.

ఏరుకోవడానికి నేను చేసే పని చెప్తాను. బొమ్మలన్నీ నేలమీద దుప్పటి పరిచి పేర్చండి. వేసినవాడు బయటికెళ్ళి టీ తాగి రావాలి. వచ్చి గుమ్మంలో నిలబడి చూడగానే కన్ను ఏ బొమ్మ మీద పడుతుందో అది గుమ్మానికి ఎదురు గోడకి. హాల్లోకి అడుగుపెట్టేవాణ్ణి లోపలికి లాగేది అదే. తర్వాత ఒకే మాట రెండుసార్లు చెప్పే బొమ్మలు జంటలు జంటలుగా దొరుకుతాయి. గోదావరి మీద పడవ, మళ్ళీ గోదావరి మీద పడవ. జంటలో ఒకటి ఇంటికి పంపండి. వేసినవాడికి ఇది కష్టం, అందుకే పక్కన బొమ్మలు వెయ్యని మనిషి ఒకరుండాలి. వాడికి నేనున్నాను.

మ్యూజియం వాళ్ళతో కాగితం మీద

హాలు నోటిమాటగా ఇచ్చినా మీరు ఉత్తరం రాసి, జవాబు రాతలో తెచ్చుకోండి. ప్రదర్శన తేదీలతో పాటు, ముందురోజు తగిలించడానికి, తర్వాతి రోజు దించడానికి కూడా హాలు మీదేనని అందులో ఉండాలి. రాత్రి తాళం ఎవరి దగ్గరుంటుందో రాయించుకోండి. వారపు సెలవు ఎప్పుడో కనుక్కోండి. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, మీ ఊళ్ళో ఇంకో రోజు కావచ్చు. ఐదు రోజుల్లో ఒకటి సెలవు పడితే కార్డులు అచ్చయ్యాక తెలుసుకుని ఏడవాలి.

గోడకి మేకు కొట్టనిస్తారా అన్నది అన్నిటికంటే ముందు అడగండి. చాలాచోట్ల కొట్టనివ్వరు, అది న్యాయమే. విజయవాడ బాపు మ్యూజియం పాత భవనం తీసుకోండి. విక్టోరియా జూబిలీ పేరుతో 1887లో మొదలైన కట్టడం. 1921లో కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా చూపించింది అక్కడేనని చెప్పుకుంటారు. అలాంటి చోట గోడ కూడా మ్యూజియం వస్తువే. పైన కమ్మీ ఉంటే దాన్నుంచి గొలుసులు దింపి కొక్కేలు వేసుకోవాలి. కమ్మీ లేకపోతే చెక్క ప్యానెల్స్ నిలబెట్టుకోవాలి. ప్యానెల్స్ అద్దెకి తెస్తే ఒకసారి చేత్తో తోసి చూడండి. ఊగితే కాళ్ళకి ఇసుక మూటలు కట్టించండి.

ఇంకొక కాగితం: బొమ్మల జాబితా. ఒక్కోదానికి ముందువైపు, వెనకవైపు, నాలుగు మూలలు ఫొటో తీసి, ఉన్న గీతలు, మచ్చలు రాసి, ఇచ్చేవాళ్ళు పుచ్చుకునేవాళ్ళు ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒక ఊళ్ళో (పేరెందుకులెండి) ఒక పెద్దాయన బొమ్మ తిరిగొచ్చేసరికి ఫ్రేము మూల విరిగి ఉంది. లోపల విరిగిందా, ఆటోలో విరిగిందా, అసలు వచ్చినప్పుడే అలా ఉందా, ఎవరికీ తెలీదు. ఫొటో లేదు. రెండు నెలలు తిట్టుకున్నారు. మధ్యలో ఆ ఫ్రేము కట్టింది నేను కాబట్టి ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

ఫ్రేము వెనకాల జరిగేది

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, నా పని ఇదే కాబట్టి.

కాగితం మీద వేసిన బొమ్మ, ముఖ్యంగా నీటిరంగులు, గాజుకి అంటుకోకూడదు. మా వైపు వానాకాలం గాలిలో నీళ్ళు పిండొచ్చు. కాగితం ఆ చెమ్మ పీల్చి గాజుకి కరుచుకుంటుంది, తర్వాత విడదీస్తే రంగు గాజుతోపాటు వచ్చేస్తుంది. అందుకే చుట్టూ మౌంటు, అంటే మధ్యలో కిటికీలాగా కోసిన అట్ట, పెట్టేది. మౌంటు అందం కోసమని అందరూ అనుకుంటారు. అందం తర్వాత, ముందు అది బొమ్మకీ గాజుకీ మధ్య ఊపిరాడే సందు. మౌంటుకి ఆమ్లం లేని అట్ట కావాలని అడగండి. చవకరకం అట్ట వాడితే పదేళ్ళకి మౌంటు కోసిన అంచు వెంబడి బొమ్మమీద గోధుమరంగు గీత పడుతుంది. ఏ ఇంట్లోనైనా పాత ఫొటో ఫ్రేము విప్పి చూడండి, ఆ గీత ఉంటుంది.

బొమ్మని వెనకట్టకి నాలుగువైపులా అంటించెయ్యకండి. కాగితం చెమ్మకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. నాలుగువైపులా బిగిస్తే సాగడానికి చోటులేక అలలు తేలుతుంది. పై అంచున మాత్రం రెండు చోట్ల పల్చటి కాగితపు ముక్కలతో అంటించి, మిగతా మూడువైపులా వదిలెయ్యాలి. గోడకి క్యాలెండరు వేలాడినట్టు వేలాడాలి. సెల్లోటేపు మాత్రం వద్దు. అది పచ్చబడి, జిడ్డు కాగితంలోకి దిగిపోతుంది. జిగురు ఇంట్లోనే ఉడకబెట్టుకోవచ్చు, మైదాతో. కాని పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళ దగ్గర జిగురు అరువు తెచ్చుకోకండి. పురుగు పట్టకుండా వాళ్ళు దాన్లో మైలతుత్తం కలుపుతారు. అకౌంటు పుస్తకానికి ఫరవాలేదు, బొమ్మకి ప్రమాదం. దాన్లో ఉండే రాగి కాగితాన్ని పెళుసు చేస్తుంది. నాన్న కూడా చాలా ఏళ్ళు మైలతుత్తం వేసినవాడే. తెలిశాక మానేశాడు, కాని పాత గిరాకీలని వెతికి పట్టుకుని చెప్పలేదు. నాకు ఆ బాధ ఇంకా ఉంది.

నూనెరంగుల బొమ్మకి గాజు అక్కర్లేదు, దానికి వెనక గాలి ఆడాలి. ఫ్రేము కింది రెండు మూలల్లో సీసా బిరడా కోసిన ముక్కలు అంటించండి, బెండువి. గోడకి, ఫ్రేముకి మధ్య అర అంగుళం సందు వస్తుంది. గోడ చెమ్మ బొమ్మకెక్కదు, ఫ్రేము గోడకి గీతలూ పెట్టదు. రూపాయి ఖర్చు లేని పని, ఎవరూ చెయ్యరు. హాలుకి కొత్తగా సున్నం వేశామని మ్యూజియం వాళ్ళు సంబరంగా చెప్తే మీరు సంబరపడకండి, గోడమీద అరచెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని.

గుడ్డమీద బొమ్మలది వేరే దారి. శ్రీకాళహస్తి కలంకారీ తెర ఉందనుకోండి, పైన సేఫ్టీ పిన్నులు గుచ్చి వేలాడదీస్తే బరువంతా ఆ నాలుగు చిల్లుల మీదే. పై అంచు వెనకాల వేరే గుడ్డతో గొట్టంలాగా కుట్టి దాన్లోంచి కర్ర దూర్చండి. కిటికీ తెరకి కర్ర దూర్చినట్టే. బరువు అంచంతా పంచుకుంటుంది. చేర్యాల నకాశీ పటం అయితే అసలు వేలాడదీయకండి. ఖద్దరు గుడ్డకి గంజి, సుద్ద, చింతగింజల గుజ్జు పట్టించి దానిమీద ఎర్రటి నేల వేసి గీస్తారు. ఆ పూత వంచితే పగులుతుంది. పాత పటాలు ముప్పై, నలభై అడుగులుంటాయి. అసలు వాటిని కథకులు ఒక్కో గడీ విప్పుతూ, కథ చెప్తూ, మళ్ళీ చుడుతూ చూపించేవాళ్ళు. ఒకేసారి మొత్తం చూపించడానికి పుట్టినవి కావు. ఏటవాలు బల్లమీద ఐదారు అడుగులు పరిచి, పక్కన కథ రెండు ముక్కల్లో రాసిపెట్టండి. మార్కండేయ పురాణమా, కాటమరాజు కథా అన్నది చెప్పకపోతే చూసేవాడికి రంగులు తప్ప ఏమీ మిగలదు.

ఫ్రేములన్నిటికీ ఒకే బీడింగు, అంటే ఫ్రేము కట్టే పట్టీ, ఉంటే మంచిది. సన్నటి నలుపు, లేకపోతే టేకు రంగు. బంగారు రంగు పువ్వుల బీడింగు మా షాపులో బాగా అమ్ముడుపోయే సరుకు, వెంకటేశ్వరస్వామికి అదే కావాలి. మీ బొమ్మకి అది అడిగితే మటుకు నేను ఇవ్వను. మీరు కోప్పడినా సరే.

ఒక తడిగుడ్డ కథ

ఇది నా తప్పు. పదకొండేళ్ళ కిందట, ప్రారంభోత్సవానికి గంట ముందు. బొమ్మలన్నీ గోడకెక్కేశాయి. గాజుల మీద వేలిముద్రలు కనిపిస్తున్నాయి. గాజు తుడిచే సీసా తీసుకుని, ఇంట్లో కిటికీకి కొట్టినట్టే నేరుగా గాజుమీద కొట్టాను. నీళ్ళు గాజుమీద జారి కింది బీడింగు సందులోకి దిగిపోయాయి. నాకు తెలీలేదు. సాయంత్రానికి మౌంటు కింది అంచు ఉబ్బింది. మర్నాటికి నీటిరంగుల్లో వేసిన వరిచేను కింద నీలం అరచెయ్యంత మేర పాకింది. ఆ బొమ్మ వేసిన మాస్టారు నన్నొక్క మాట కూడా అనలేదు. "వానొచ్చిందిలే అమ్మా చేలోకి" అన్నారు. అప్పట్నుంచి ద్రవం గుడ్డమీద కొట్టుకుంటాను, గాజుమీద కాదు. అదీ ఫ్రేము గోడకెక్కకముందు, బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి.

వెలుతురు

హాల్లో కిటికీలోంచి ఎండ ఎటు పడుతుందో పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, నాలుక్కి మూడుసార్లు చూడండి. ఎండ పడే గోడమీద కాగితం బొమ్మ పెట్టకూడదు, అంతే. నీటిరంగులకి, గుడ్డకి, పాత ఫొటోలకి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలిచే కొలత) దాటకూడదని మ్యూజియాల లెక్క. నూనెరంగులకి 200 దాకా పరవాలేదు. లక్స్ కొలిచే యాప్ ఫోన్‌లో వేసుకోవచ్చు. పక్కా లెక్క రాదు కాని, ఏ గోడ ఎక్కువ ఏ గోడ తక్కువ అన్నది తెలుస్తుంది. 50 అంటే మీకు మొదట చీకటిగా అనిపిస్తుంది. బయట ఎండలోంచి వచ్చినవాడికి ఇంకా చీకటి. అందుకే గుమ్మం దగ్గర ఓ పదడుగులు ఏమీ పెట్టకుండా, పరిచయం బోర్డు ఒకటి పెట్టండి. అది చదివేలోపు కన్ను సర్దుకుంటుంది.

రంగు వెలిసిపోవడం అనేది ఐదు రోజుల్లో కనిపించేది కాదు. అందుకే ఎవరూ నమ్మరు. కాని వెలిసింది మళ్ళీ రాదు, చల్లటి గదిలో పెట్టినా రాదు. సహజమైన రంగుల్లో పసుపుపచ్చ ముందు పోతుంది. పాత అద్దకం గుడ్డల్లో ఆకులు నీలంగా కనిపిస్తే అది గీసినవాడి వింత కాదు. నీలిమందు మీద పసుపు వేసి ఆకుపచ్చ తెప్పించారు, పసుపు పోయింది, నీలం మిగిలింది.

మేకు ఎక్కడ

ఇక అసలు పని. కావలసినవి టేపు, పెన్సిలు, దారం, రసమట్టం, గట్టి స్టూలు, ఇంకో మనిషి.

బొమ్మ మధ్యభాగం నేలనుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తున ఉండాలని చాలాచోట్ల పాటిస్తారు. నిలబడ్డ మనిషి కంటి ఎత్తు అది. నేను 56 దగ్గర ఆపుతాను. మా ప్రదర్శనలకి వచ్చేది స్కూలు పిల్లలు, ఆడవాళ్ళు, గోదావరి స్నానానికి వచ్చి ఎండకి లోపలికి దూరిన ముసలమ్మలు. ఆరడుగుల మనిషి కొంచెం వంగితే పోయేదేం లేదు. పిల్లాడు ఎగరలేడు.

అన్ని బొమ్మలకీ మధ్యభాగమే ఒక గీతమీద ఉండాలి, పై అంచులు కాదు. చిన్నవి, పెద్దవి కలిసున్నప్పుడు పై అంచులు కలిపితే ఆరేసిన బట్టల్లాగా ఉంటుంది. 56 అంగుళాల ఎత్తున గోడ ఈ చివరినుంచి ఆ చివరికి దారం కట్టండి. మ్యూజియం నేలలు పాతవి, ఒకవైపు వాలుంటాయి, కాబట్టి దారాన్ని రసమట్టంతో సరిచూసుకోండి, నేలని నమ్మకండి.

ఇప్పుడు లెక్క. ఫ్రేము ఎత్తు 24 అంగుళాలు అనుకోండి. వెనక తీగ కట్టారు. తీగ మధ్యలో వేలు పెట్టి, ఫ్రేము బరువు పడేటట్టు పైకి లాగి పట్టుకోండి. తీగ పైకొచ్చిన చోటినుంచి ఫ్రేము పై అంచుకి ఎంతుందో కొలవండి. మూడు అంగుళాలొచ్చింది. ఎత్తులో సగం పన్నెండు. 56కి 12 కలిపితే 68, అందులోంచి 3 తీస్తే 65. మేకు నేలనుంచి 65 అంగుళాల దగ్గర. తీగ వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే లెక్క తప్పుతుంది, అందరూ చేసే పొరపాటు అదే. ప్రతి బొమ్మకీ ఈ అంకె వేరుగా వస్తుంది. ఫ్రేము వెనకాల పెన్సిలుతో రాసుకోండి. మళ్ళీ ఇంకో ఊళ్ళో పెట్టినప్పుడు పనికొస్తుంది.

అడ్డంగా కూడా లెక్కే. పద్దెనిమిది అడుగుల గోడ 216 అంగుళాలు. 20 అంగుళాల బొమ్మలు ఐదు పెట్టాలి, వాటికి వంద పోతే 116 మిగిలింది. ఆరు సందులు. సమానంగా పంచితే ఒక్కోటి పంతొమ్మిది చిల్లర. నేనలా పంచను. మధ్యలో నాలుగు సందులు 18 చొప్పున పెడితే 72, మిగిలిన 44ని రెండు చివర్లకి చెరో 22 వదులుతాను. మూలల దగ్గర కొంచెం జాగా ఎక్కువుంటే ఐదు బొమ్మలూ ఒక కుటుంబంలాగా కనిపిస్తాయి. కుర్రాడి హాల్లో పెద్ద గోడకి ఎనిమిది, చిన్న గోడలకి ఐదేసి పడ్డాయి, పద్దెనిమిది.

బరువైన ఫ్రేముని ఒక్క మేకుకి వేలాడదీయకండి. రెండు కొక్కేలుంటే బరువు ఆగుతుంది, ఎవరి భుజం తగిలినా వంకర పోదు. వెనక సుతిలి తాడు, నైలాన్ తాడు వద్దు. నైలాన్ సాగుతుంది, ముడి జారుతుంది. పేనిన స్టీలు తీగ వాడి, రెండువైపులా ఫ్రేముకి బిగించే డి రింగులకి (ఇంగ్లీషు D ఆకారం రింగులు) ఆరేడు చుట్లు తిప్పండి.

చూసేవాళ్ళు ఎక్కడ నిలబడతారో కూడా ఆలోచించాలి. ఈ విషయంలో నాకు గురువు సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ ఒకే దుంగలో రెండువైపులా చెక్కిన బొమ్మ ఉంది కదా, ముందు మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనక మార్గరెట్టా అనే అమ్మాయి. దాని వెనకాల ఒక అద్దం పెట్టారు. ముందు పొగరుగా నిలబడ్డవాడు, అద్దంలో తలొంచుకున్న పిల్ల, ఒకేచోట నిలబడి రెండూ చూస్తాం. అద్దం లేకపోతే చుట్టూ తిరిగి రావాలి, ఒకటి చూసేటప్పటికి రెండోది కంటికి దూరమవుతుంది. అక్కడే గంటల గడియారం ముందు జనం కూర్చోడానికి చోటుంటుంది. చిన్న మనిషి బయటికొచ్చి గంట కొట్టేదాకా కాచుక్కూర్చుంటారు. మీ హాలు మధ్యలో కూడా ఒక బెంచీ వేయించండి. నిలబడ్డవాడు అర నిమిషం చూస్తే కూర్చున్నవాడు ఐదు నిమిషాలు చూస్తాడు. పిల్లలకి ఒక ఎత్తుపీట కూడా.

చీటీలు

బొమ్మ పక్కన చీటీ కుడివైపు, చదివేవాడు వంగక్కర్లేకుండా నాలుగున్నర అడుగుల ఎత్తున. తెలుగు ముందు, ఇంగ్లీషు తర్వాత. అక్షరం పెద్దది: చెయ్యి చాచిన దూరంలో మీ అమ్మ కళ్ళజోడు లేకుండా చదవగలగాలి. పేరు, ఏ ఏడు, దేంతో వేశారు, కొలతలు, ఎవరి దగ్గరిది. తర్వాత ఒక్క వాక్యం, అదీ బొమ్మలో కనిపించనిది. కుర్రాడు ఒక బొమ్మకి "ప్రకృతి మానవుల మధ్య అవినాభావ సంబంధం" అని రాసుకొచ్చాడు. బొమ్మేమో ఒక ముసలాయన రేవులో పంచె పిండుకుంటున్నాడు. "ఎవరాయన?" అన్నాను. "మా పెదనాన్న. లంకలో పొలం గోదావరి కోతకి కొట్టుకుపోయాక రోజూ రేవుకొచ్చి అటే చూస్తుంటాడు." "మరి అది రాయి." రాశాడు. ఐదు రోజులూ జనం ఎక్కువసేపు ఆగింది ఆ బొమ్మ ముందే.

"శీర్షిక లేదు" అని మాత్రం రాయకండి. లేకపోతే పెట్టండి, మీరు కన్న బొమ్మే కదా.

ప్రారంభోత్సవం

ఇది బొమ్మలకి అన్నిటికంటే ప్రమాదమైన గంట. దీపం వెలిగించేది హాల్లో కాదు, వరండాలో. నూనె దీపం పొగ, కర్పూరం, కొబ్బరినీళ్ళు, మూడూ బొమ్మలకి శత్రువులే. ఫ్లెక్సీ గేటు దగ్గర కట్టండి. హాల్లో కడితే మీరు కష్టపడి వదిలిన ఖాళీ గోడ మీద ముఖ్య అతిథిగారి నవ్వు ఉంటుంది. శాలువాలు, మెమెంటోలు, గ్రూపు ఫొటో కూడా బయటే. గ్రూపు ఫొటోకి వెనక్కి జరగండి జరగండి అంటారు, జరిగినవాడి వీపు ఫ్రేముకి తగులుతుంది. టీ, సమోసా పెరట్లో. సమోసా తిన్న వేలితోనే బొమ్మలో గోపురం చూపిస్తారు.

మొదటి రోజు సాయంత్రం, తర్వాత రోజూ మూసేముందు, జాబితా పట్టుకుని ఒక చుట్టు తిరగండి. వంకర పోయినవి సరిచెయ్యండి. గాజు లోపలివైపు ఆవిరి పట్టినట్టుంటే ఆ బొమ్మ దించెయ్యండి, రేపు చూద్దాం అనుకోకండి. ఫ్లాష్ వద్దని రాసిపెట్టండి. కొట్టేవాడు కొడతాడు, గాజులో వాడి ఫోనే పడుతుంది.

దించేటప్పుడు

తగిలించేటప్పుడు ఉన్న ఓపిక దించేటప్పుడు ఉండదు, అందుకే ఎక్కువ పగిలేది ఆ రోజే. ముందు చీటీలు తీసి ఒక కవర్లో వేసుకోండి. ఒకరు దించుతుంటే ఇంకొకరు అందుకోవాలి. ఫ్రేములు తీగ పట్టుకుని మొయ్యకూడదు, రెండు పక్కలా పట్టుకోవాలి. గాజు మీద మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా వేస్తే పగిలినా పెంకులు బొమ్మని కొయ్యవు. సర్దేటప్పుడు గాజుకి గాజు ఎదురుగా, వీపుకి వీపు ఆనించి, మధ్యలో అట్ట. వీపు గాజుకి ఆనితే వెనకున్న రింగు గాజుని గీస్తుంది. ఆటోలో పడుకోబెట్టకండి, నిలబెట్టి తాడు కట్టండి.

కొక్కేలు లెక్కపెట్టి తిరిగివ్వండి. నేలమీద పడ్డ మేకులు ఏరండి, మర్నాడు పిల్లలు చెప్పులిప్పి తిరుగుతారు. మేకు కొట్టనిచ్చిన చోట చిల్లు పూడ్చి రంగు అద్దండి. తర్వాత ఆ ఫొటోల జాబితా తీసి, ఒక్కో బొమ్మ మళ్ళీ చూసి, అదే కాగితం కింద మ్యూజియం వాళ్ళ సంతకం, మీ సంతకం, తేదీ. కుర్రాడు సంతకాలు లేకుండానే ఆటో పిలిచేశాడు. వెనక్కి పంపించాను. ఆటోవాడు వెయిటింగు చార్జీ యాభై ఎక్కువడిగాడు, అది నేనే ఇచ్చాను.